పెరటి చెట్టుకు థర్మామీటరు: ధ్యానాన్ని కొలిచిన తొంభై ఏళ్ళ కథ

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన సామెత. సముద్రాలు దాటి వచ్చిన మన విషయంలో ఈ సామెత ఇంకో మెలిక తిరిగింది. పెరట్లో ఉన్నంతకాలం పట్టించుకోని చెట్టుకే ఎవరో ఇంగ్లీషు లేబులు అంటించి సీసాలో పోసి ఇస్తే డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. పసుపు అలాగే వచ్చింది, యోగా అలాగే వచ్చింది, ధ్యానమూ అలాగే వచ్చింది.

మన శనివారం విందుల్లో ధ్యానం మాట వచ్చిందంటే చాలు, రెండు పక్షాలు తయారవుతాయి. "ఇదంతా మన ఋషులు ఎప్పుడో చెప్పేశారండీ, హిమాలయాల్లో యోగులు గుండె ఆపేసుకుని మళ్ళీ నడిపించుకుంటారు" అంటుంది ఒక పక్షం. "అంతా బూటకం, ఈ రోజుల్లో కూడా ఇవేం కబుర్లు" అంటుంది రెండోది. గారెలు, పులిహోర అయిపోయేదాకా వాదన నడుస్తుంది. ఎవరి అభిప్రాయంతో వాళ్ళు కార్లెక్కుతారు.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ల్యాబులో మా మాస్టారు ఒకరు అంటుండేవారు: "వాదన తేలకపోతే మీటరు తెండిరా" అని. ధ్యానంతో, భావనతో శరీరంలోని వేడినీ, చలినీ, నొప్పినీ అదుపులో పెట్టుకోవచ్చా అన్న ఈ వాదనకు మీటరు తెచ్చినవాళ్ళు ఎవరు, వాళ్ళు ఏం కొలిచారు, ఏం తేలింది అని కొన్నేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. ఆ చరిత్ర పై రెండు పక్షాల్లో దేనికీ పూర్తిగా రుచించదు. అందుకే మీతో పంచుకోవాలనిపించింది.

ఆవకాయ సూత్రం

ముందుగా ఒక చిన్న ప్రయోగం. కుర్చీలో కూర్చున్నచోటే మీ నోటికి "లాలాజలం ఊరించు" అని గట్టిగా ఆజ్ఞ ఇచ్చి చూడండి. ఏమీ జరగదు. ఇప్పుడు కళ్ళు మూసుకోండి. వేసవి సెలవులు. అమ్మ జాడీ వాసెన విప్పింది. కొత్తావకాయ ముక్క ఒకటి తీసి, పొగలు కక్కే అన్నంలో కలిపి, నూనె ఓడుతున్న ముద్ద మీ నోటికి అందిస్తోంది. ఏమైంది? ఆజ్ఞకు లొంగని గ్రంథులు బొమ్మకు లొంగిపోయాయి.

ఈ వ్యాసం సారమంతా ఆ ముద్దలోనే ఉంది. చెయ్యి ఎత్తమంటే చెయ్యి లేస్తుంది. కానీ గుండె వేగం, చెమట, రక్తనాళాల బిగువు, శరీరంలో వేడి మన ఆజ్ఞలు వినవు. వీటిని చూసుకునే ఆటోనామిక్ నాడీమండలం వేరే పద్ధతిలో నడుస్తుంది. దానికి మాట అర్థం కాదు, బొమ్మ అర్థమవుతుంది. 1930 ప్రాంతంలో షికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే శాస్త్రవేత్త ఇలాంటిదే కండరాల విషయంలో చూపించాడు. మనిషి కదలకుండా పడుకుని చెయ్యి మడుస్తున్నట్టు ఊహించుకుంటే చాలు, ఆ చేతి కండరాల్లోనే అతి సూక్ష్మమైన విద్యుత్తు పుడుతుందని మీటరు మీద పట్టుకున్నాడు. 1932లో బెర్లిన్‌లో యోహన్నెస్ షుల్ట్జ్ అనే వైద్యుడు ఏకంగా ఒక వైద్యపద్ధతే తయారు చేశాడు. ముందు చెయ్యి బరువెక్కుతున్నట్టు, తరవాత వెచ్చబడుతున్నట్టు రోజూ భావన చేయించడం అందులో మొదటి పాఠాలు. చెయ్యి నిజంగానే వెచ్చబడేది. ఎందుకంటే రక్తనాళాలు వదులై వెచ్చటి రక్తం వేళ్ళ దాకా వచ్చేది.

మన దేశంలో ఇది కొత్త విషయమేమీ కాదు. పతంజలి యోగసూత్రాల మూడో అధ్యాయం విభూతి పాదం. కంఠకూపం మీద మనసు నిలిపితే ఆకలిదప్పులు అణుగుతాయని అందులో ఉంది. ఇలాంటి శక్తులు సమాధికి అడ్డంకులని కూడా అదే అధ్యాయంలో ఉంది. మొదటి మాట చెప్పేవాళ్ళలో రెండో మాట చెప్పేవాళ్ళు తక్కువ.

1935: రెండు ప్రయోగాలు

1935లో తెరేజ్ బ్రోస్ అనే ఫ్రెంచి హృద్రోగ నిపుణురాలు ఈసీజీ యంత్రంతో భారతదేశం వచ్చారు. యోగులు గుండెను ఆపగలరన్న మాట అప్పటికే యూరప్ అంతా పాకింది. ఆమె తీసిన రికార్డుల్లో ఒకదాంట్లో గుండె విద్యుత్ సంకేతం బాగా చిన్నదైపోయి, దాదాపు సమతలంగా కనిపించింది. ఇంకేం, "యోగి గుండె ఆపాడు, ఫ్రెంచి డాక్టరమ్మ రుజువు చేసింది" అని ప్రచారమైపోయింది. ఇప్పటికీ మన విందుల్లో వినపడేది ఆ ప్రతిధ్వనే.

అదే ఏడాది సెప్టెంబరులో ఇంగ్లండులోని సర్రేలో ఇంకో ప్రయోగం జరిగింది. కశ్మీరు నుంచి వెళ్ళిన కుదా బక్ష్ అనే ఇంద్రజాలికుడు శాస్త్రవేత్తలు చూస్తుండగా నిప్పుల మీద నడిచాడు. నిప్పుల పైభాగం వేడి సుమారు 430 డిగ్రీల సెల్సియస్. కాళ్ళు కాలలేదు. దీన్ని కూడా మనోశక్తి ఖాతాలో వేయాలని చాలామందికి ఉబలాటం. కానీ 1937లో మళ్ళీ పరీక్షలు పెట్టినప్పుడు ఏ సాధనా లేని ఆంగ్లేయుడొకడు కూడా పెద్ద గాయాలేమీ లేకుండా దాటేశాడు.

మన ఊళ్ళలో వీరభద్రుడి సంబరాల్లో, పీర్ల పండుగలో, అమ్మవారి జాతరల్లో నిప్పుల గుండం తొక్కడం చూసినవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. భక్తి వాళ్ళకు ధైర్యాన్నిస్తుంది, అందులో సందేహం లేదు. కాలు కాలకపోవడానికి మాత్రం కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా అందిస్తుంది, బూడిద ఇంకా నెమ్మదిగా. అడుగు పడి లేచే అరక్షణంలో చర్మంలోకి వెళ్ళే వేడి తక్కువ. ఓవెన్ లోపలి గాలిలో క్షణంసేపు చెయ్యి పెట్టొచ్చు, అదే వేడిలో ఉన్న ఇనప పళ్ళేన్ని ముట్టుకోలేం కదా, అలాగన్నమాట. మనసు చేసే పనేదో, పదార్థం చేసే పనేదో విడదీయకపోతే ఈ చరిత్ర అర్థం కాదు.

కాషాయం విడిచిన శాస్త్రవేత్త

ఆ విడదీసే పని మొట్టమొదట గట్టిగా చేసినవాళ్ళలో ఒకాయన మనలాగే అమెరికా వచ్చిన భారతీయుడు. పేరు బసు కుమార్ బాగ్చీ. 1920ల్లో ఆయన స్వామి ధీరానంద. పరమహంస యోగానందతో కలిసి అమెరికాలో యోగం బోధించేవారు. తరవాత కాషాయం విడిచిపెట్టి, డాక్టరేటు చేసి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెదడు తరంగాలను కొలిచే నిపుణుడయ్యారు. అంటే మన విందులోని రెండు పక్షాలూ ఒకే మనిషిలో కూర్చున్నాయన్నమాట.

1957లో బాగ్చీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మేరియన్ వెంగర్‌తో కలిసి, పెట్టెల్లో యంత్రాలు వేసుకుని భారతదేశం వెళ్ళారు. ఢిల్లీలో అప్పుడే కొత్తగా పెట్టిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్‌లో ఫిజియాలజీ ఆచార్యుడు బి. కె. ఆనంద్ వాళ్ళతో కలిశారు. గుండెను, నాడిని ఆపగలమన్న యోగులను వెదికి పట్టుకుని పరీక్షించారు.

1961లో అచ్చయిన ఫలితాలు ఇవి. గుండె ఎవరికీ ఆగలేదు. ఊపిరి బిగబట్టి, ఛాతీ, పొట్ట కండరాలను గట్టిగా బిగిస్తే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది. మణికట్టు దగ్గర నాడి అందదు. స్టెతస్కోపులో కండరాల చప్పుడు గుండె చప్పుడును మింగేస్తుంది. పక్కన కూర్చున్నవాడికి గుండె ఆగినట్టే ఉంటుంది. ఈసీజీ మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే రెండో పక్షం గెలిచినట్టే. కానీ అదే యాత్రలో వాళ్ళకు ఇంకో యోగి తారసపడ్డాడు. ఏ ఆర్భాటమూ లేదు. కోరితే నుదుటి మీద చెమట పట్టించుకోగలనన్నాడు. కొద్ది నిమిషాల్లో పట్టించి చూపించాడు. కండరాలు బిగించి చేసే పని కాదది. ఎలా నేర్చావని అడిగితే అతను చెప్పిన జవాబు ఈ మొత్తం చరిత్రకే తాళంచెవి అని నాకనిపిస్తుంది. చలికాలంలో హిమాలయాల గుహల్లో ఉండవలసి వచ్చినప్పుడు, విపరీతమైన వేడి ఉన్న చోట తాను ఉన్నట్టు భావన చెయ్యమని గురువు చెప్పాడట. నెలల తరబడి సాధన చేస్తే చలి తట్టుకోగలిగాడు. చెమట దాని కొసరు.

చూశారా? బెర్లిన్ వైద్యుడు ఆసుపత్రిలో కనుక్కున్నదీ, హిమాలయ గురువు గుహలో నేర్పినదీ ఒకటే. శరీరానికి ఆజ్ఞ కాదు, బొమ్మ ఇవ్వాలి.

1961లోనే ఆనంద్ బృందం ఇంకో పత్రం ప్రచురించింది. ఇద్దరు యోగులు 4 డిగ్రీల చన్నీటిలో 45 నుంచి 55 నిమిషాలు చెయ్యి ఉంచి, బాధ లేదన్నారు. ఐసు నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, ఒకటి రెండు నిమిషాలకే మనకు ప్రాణం లేచిపోతుంది. ఆ సమయమంతా వాళ్ళ మెదడులో ప్రశాంత స్థితికి గుర్తయిన ఆల్ఫా తరంగాలు చెదరలేదు. చన్నీళ్ళు మారలేదు, చెయ్యి మారలేదు. ఆ సంకేతాన్ని మెదడు అందుకున్న తీరు మారింది.

కేన్సస్ నుంచి ధర్మశాల దాకా

1970లో కథ అమెరికా చేరింది. కేన్సస్ రాష్ట్రం టొపీకాలోని మెనింజర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్ ప్రయోగశాల నడిపేవాడు. ఆయన మొదట అమెరికా నౌకాదళ ఆయుధ పరీక్షా కేంద్రంలో భౌతికశాస్త్రజ్ఞుడు. సెన్సర్లు, సంకేతాలు ఆయనకు కొట్టినపిండి. స్వామి రామా అనే యోగి ఆయన ప్రయోగశాలకు వచ్చి, ఒకే అరచేతిలో రెండంగుళాల ఎడంలో ఉన్న రెండు చోట్ల మధ్య సుమారు 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా తెచ్చి చూపించాడు. ఒక పక్క ఎర్రబడింది, ఇంకో పక్క పాలిపోయింది. గుండె కూడా ఆపుతానన్నాడు. రికార్డు చూస్తే గుండె ఆగలేదు. పై గదులు 17 సెకన్లపాటు నిమిషానికి మూడు వందల వేగంతో కొట్టుకుని, రక్తం సరిగా పంప్ కాని స్థితి ఏర్పడింది. అంటే "ఆపడం" అన్న మాట తప్పు, అసాధారణమైనది జరిగిందన్న మాట ఒప్పు.

ఈ ప్రదర్శన కన్నా నాకు విలువైనదిగా తోచేది అదే ప్రయోగశాల నుంచి వచ్చిన ఇంకో విషయం. అక్కడ ప్రయోగంలో పాల్గొన్న ఒకావిడకు చేతులు హఠాత్తుగా వెచ్చబడిన క్షణంలోనే మైగ్రేన్ తలనొప్పి తగ్గింది. దాంతో మైగ్రేన్ రోగుల వేళ్ళకు థర్మామీటరు కట్టి, చేతులు వెచ్చబడుతున్నట్టు భావన చేయించి, అంకె పెరగడం వాళ్ళకే చూపిస్తూ నేర్పించడం మొదలుపెట్టారు. దీనికి బయోఫీడ్‌బ్యాక్ అని పేరు. యోగి గుహలో ఏళ్ళు పట్టిన విద్యను, మీటరు సాయంతో మామూలు గృహిణి కొన్ని వారాల్లో నేర్చుకునే వీలు కలిగింది.

ఈ రంగంలో అతిశయోక్తులకూ కొదవ లేదు. న్యూయార్కులో నీల్ మిల్లర్ అనే ప్రసిద్ధ మనస్తత్వవేత్త ఎలుకలు తమ గుండె వేగాన్ని నేర్చుకుని మార్చుకోగలవని 1969లో ప్రకటించి సంచలనం సృష్టించాడు. తరవాత తన ప్రయోగశాలలోనే ఆ ఫలితాలు మళ్ళీ రాలేదు. రాలేదని ఆయనే బాహాటంగా రాశాడు. శాస్త్రం మీద నాకు గౌరవం పెరిగిన సందర్భాల్లో అదొకటి.

1981లో హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ దలైలామా అనుమతితో ధర్మశాల వెళ్ళాడు. టిబెట్ బౌద్ధంలో తుమ్మో అనే సాధన ఉంది. ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఊపిరి నిలిపి, బొడ్డు దగ్గర అగ్ని రగులుతున్నట్టు భావన చేస్తారు. ముగ్గురు భిక్షువుల మీద కొలిస్తే వేళ్ళ ఉష్ణోగ్రత 8.3 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగింది. 1982లో నేచర్ పత్రికలో ఈ వివరాలు వచ్చాయి.

ఇంజనీరుకు వెంటనే ఒక సందేహం వస్తుంది. వేలు వెచ్చబడితే శరీరమంతా వెచ్చబడినట్టేనా? రేడియేటరు వేడెక్కితే బాయిలరు వేడి పెరిగిందని చెప్పలేం కదా. ఈ ప్రశ్నకు జవాబు 2013లో దొరికింది. మరియా కొజెవ్నికోవ్ బృందం టిబెట్ ప్రాంతపు ఆశ్రమాల్లో సాధకుల లోపలి ఉష్ణోగ్రతను కొలిచింది. కొందరిలో అది 38.3 డిగ్రీల దాకా పెరిగింది, అంటే చిన్నపాటి జ్వరమంత. అయితే ఆ వేడి పుట్టించేది ప్రధానంగా ఊపిరి, కండరాల బిగువు. ఊపిరి పద్ధతి ఒక్కటే నేర్చుకున్న పాశ్చాత్యులకు కూడా కొంతమేర వేడి పెరిగింది. అగ్ని భావన చేసే పని ఆ వేడిని ఎక్కువసేపు నిలబెట్టడం. పొయ్యి ఊపిరిది, మూత భావనది అనుకోవచ్చు.

నొప్పి దగ్గరికి వస్తే

చలి, వేడి సరే. మనలో ఎక్కువమందికి కావలసింది నొప్పి సంగతి. ఇక్కడ చరిత్ర ఇంకో దారిన నడిచింది, ఆ దారిలో మన హైదరాబాదు కూడా ఉంది.

బర్మాలో స్థిరపడిన మార్వాడీ కుటుంబంలో 1924లో పుట్టిన సత్యనారాయణ గోయెంకా గారు పెద్ద వ్యాపారి. ఆయనకు భరించలేని మైగ్రేన్. దేశదేశాల వైద్యుల దగ్గర తిరిగినా తగ్గలేదు. 1955లో రంగూన్‌లో ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గరికి వెళ్ళారు. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. ఆఫీసు చూసుకుంటూనే విపశ్యన ధ్యానం నేర్పేవారు. తలనొప్పి కోసమైతే రావద్దని ఆయన మొదట తిప్పి పంపారు. మనసును శుభ్రం చేసుకోవడానికైతే రమ్మన్నారు, తలనొప్పి పోతే అది ఉపఫలం మాత్రమేనన్నారు. గోయెంకా గారు నేర్చుకున్నారు, 1969లో భారతదేశం వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు. మన దేశంలో ఆ పద్ధతికి ఏర్పడిన తొలి కేంద్రాల్లో ఒకటి 1976లో హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డులో వెలిసిన ధమ్మఖేత్త. అమరావతి, నాగార్జునకొండల్లో ఒకప్పుడు వెలిగి ఆరిపోయిన బౌద్ధం ఒక ధ్యాన పద్ధతి రూపంలో బర్మా చుట్టి మళ్ళీ కృష్ణాతీరం దారి పట్టిందన్నమాట.

ఈ పద్ధతి ఆవకాయ సూత్రానికి తిరగేసినది. ఇక్కడ బొమ్మ ఇవ్వరు. తల నుంచి కాలి వేళ్ళ దాకా మనసును నెమ్మదిగా నడిపిస్తూ, ఎక్కడ ఏ అనుభూతి ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు చూడమంటారు. తరమొద్దు, పిలవొద్దు. ఒంటికి తగిలిన బాణం ఒకటి, "అయ్యో నాకే ఎందుకు" అని మనసు వేసుకునే బాణం రెండోదని బుద్ధుడి పోలిక. మొదటిది మన చేతిలో లేదు. రెండోది ఉంది.

ఊ బా ఖిన్ శిష్య పరంపరలోనే ఈ పద్ధతి చవిచూసిన అమెరికన్ జాన్ కబాట్-జిన్. ఎంఐటీలో జీవశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ఒక క్లినిక్ తెరిచి, మందులతో తగ్గని రోగులను తనకు పంపమన్నాడు. మతం మాట లేకుండా దానికి "బాడీ స్కాన్" అని పేరు పెట్టాడు. 1982లో 51 మంది దీర్ఘకాలిక నొప్పి రోగుల ఫలితాలు ప్రచురించాడు. 65 శాతం మందికి నొప్పి కనీసం మూడో వంతు తగ్గింది. ఆ అధ్యయనంలో పోల్చి చూసే గుంపు లేదు కాబట్టి అది ఆరంభం మాత్రమే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళు కుర్చీకి అతుక్కుని ప్రోగ్రాములు రాసిన ఫలితంగా నా నడుం పట్టేసింది. డిస్కు జారింది. కొన్ని నెలలపాటు కారెక్కి దిగడమే ఒక యజ్ఞం. మందులు, ఫిజియోథెరపీ అయ్యాక డాక్టరు ఎనిమిది వారాల బాడీ స్కాన్ తరగతికి పంపింది. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక అమెరికన్ నర్సు మెల్లటి గొంతుతో "ఎడమ కాలి బొటనవేలి దగ్గరికి రండి" అంటోంది. తరగతిలో నేనొక్కడినే భారతీయుణ్ణి. అయిపోయాక "మీకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసే ఉంటుంది కదా" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెబితే నవ్వింది. "ఒరే నాన్నా, మీ తాతయ్య పొలం నుంచి వచ్చి వసారాలో శవాసనం వేసేవాడు గుర్తులేదా? పక్కన కూర్చుని నువ్వు ఆయన పొట్ట మీద తాటికాయ బండి నడిపేవాడివి" అంది. గుర్తుంది. ఆయన ఎందుకు పడుకున్నాడో అడగాలని మాత్రం ఆ రోజుల్లో నాకు తట్టలేదు.

నా నొప్పి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ వాన ముసురుపడితే పలకరిస్తుంది. కానీ నొప్పికీ, నొప్పి గురించిన భయానికీ మధ్య గీత కనపడటం మొదలైంది. భయం తగ్గితే కండరం బిగుసుకోవడం తగ్గింది, అది తగ్గితే నొప్పీ కొంత తగ్గింది. నా ఒక్కడి అనుభవం రుజువు కాదని మీరంటారు, నిజమే. 2016లో 342 మంది నడుంనొప్పి రోగులతో జరిగిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తరవాత ఈ ధ్యాన తరగతికి వెళ్ళినవాళ్ళలో 60.5 శాతం మందికి, మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళలో 44.1 శాతం మందికి రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. మనోవైద్య పద్ధతిలో శిక్షణ పొందిన మూడో గుంపులో 57.7 శాతం. అంటే ధ్యానం ఒక్కటే దారి కాదు, పనికొచ్చే దారుల్లో ఒకటి. 2017లో అమెరికన్ వైద్యుల కళాశాల నడుంనొప్పి మార్గదర్శకాల్లో దీనికి చోటిచ్చింది.

లోపల ఏం జరుగుతోందో కూడా కొంత తెలిసింది. 2011లో నార్త్ కెరొలైనాలో ఫాదెల్ జైదాన్ బృందం, రోజుకు 20 నిమిషాల చొప్పున నాలుగు రోజులు ధ్యానం నేర్పి, 49 డిగ్రీల వేడి పరికరాన్ని కాలికి తాకించింది. ధ్యానంలో ఉండగా నొప్పి తీవ్రత 40 శాతం తగ్గిందని, దానివల్ల కలిగే బాధ 57 శాతం తగ్గిందని పాల్గొన్నవాళ్ళు చెప్పారు. రెండో బాణం మొదటిదానికన్నా ఎక్కువ తగ్గిందని గమనించండి. 2016లో అదే బృందం, శరీరంలోని సహజ నల్లమందు లాంటి రసాయనాలను అడ్డుకునే మందు ఇచ్చి చూసినా ధ్యానం పని చేస్తూనే ఉంది. అంటే దానికి వేరే దారి ఉందన్నమాట.

గీత ఎక్కడ గీయాలి

ఇంతా చెప్పి హద్దులు చెప్పకపోతే సగం చెప్పినట్టే. 2007లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో, కాలు తెగిపోయినా లేని కాలు నొప్పి పెడుతున్న సైనికులతో ఒక చిన్న ప్రయోగం జరిగింది. మన దేశం నుంచి వచ్చిన నాడీశాస్త్రవేత్త వి. ఎస్. రామచంద్రన్ 1990ల్లో కనిపెట్టిన అద్దం పద్ధతిలో, ఉన్న కాలి ప్రతిబింబాన్ని లేని కాలిగా చూస్తూ కదిపినవాళ్ళందరికీ నొప్పి తగ్గింది. కళ్ళు మూసుకుని కేవలం ఊహలో లేని కాలిని కదిపిన గుంపులో మాత్రం ఎక్కువమందికి నొప్పి పెరిగింది. బొమ్మకు శక్తి ఉంది కాబట్టే తప్పు బొమ్మ కీడు కూడా చేస్తుంది.

రెండో హద్దు ఇంకా ముఖ్యం. మేముండే ఊళ్ళో, పిల్లల దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనకు ఒక రాత్రి ఛాతీలో బరువుగా అనిపించింది. ఎన్నో ఏళ్ళ సాధకుడు, నెమ్మదస్తుడు. కొడుకునూ కోడలినీ లేపడం ఇష్టంలేక, లేచి కూర్చుని తెల్లవార్లూ ఆ బరువునే గమనిస్తూ ధ్యానం చేశారు. నొప్పిని బాగానే భరించారు. తెల్లారి చెమటలు చూసి కోడలు 911కి ఫోన్ చేసింది. బతికారు, కానీ గుండె కండరంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఆయనతో అన్న మాట నేను మరిచిపోలేను: "అంకుల్, మీరు అలారం శబ్దాన్ని తగ్గించారు, మంటను కాదు." ఛాతీ నొప్పి, ఎడమ చేతికి పాకే నొప్పి, హఠాత్తుగా వచ్చే తలనొప్పి, మాట తడబడటం, ఇవి ధ్యానానికి సమయాలు కావు, ఫోన్ చేయడానికి సమయాలు. మన తల్లిదండ్రులు ఇక్కడికి వచ్చినప్పుడు "పిల్లలకు ఇబ్బంది ఎందుకులే" అని ఓర్చుకునే తరం వాళ్ళు. ఈ ఒక్క మాట వాళ్ళకు గట్టిగా చెప్పండి.

ఇప్పుడు పెరటి చెట్టు సంగతి. తొంభై ఏళ్ళ కొలతల్లో గుండె ఆపడం నిలబడలేదు. నిప్పుల నడక భౌతికశాస్త్రానికి వెళ్ళిపోయింది. చేతులు వెచ్చబరచుకోవడం, చలికి తట్టుకోవడం, నొప్పితో కాపురం చేయడం నేర్చుకోవడం నిలబడ్డాయి. నిలబడినవి అద్భుతాలు కావు, మామూలు మనుషులకు పనికొచ్చేవి. గమనిస్తే, ఒంటికి తీగలు చుట్టించుకుని దాదాపు గంటసేపు చన్నీళ్ళలో చెయ్యి పెట్టిన ఆ యోగులూ, వేళ్ళ వేడి కొలిపించుకున్న ఆ భిక్షువులూ తమ విద్య మీద నమ్మకం ఉండబట్టే పరీక్షకు ఒప్పుకున్నారు. మన వారసత్వం మీద మనకు అంత నమ్మకముంటే కొలతకు భయపడవలసిన పని లేదు.

ఆసక్తి ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళాక ఒక పని చెయ్యండి. వేలికి కట్టుకునే చిన్న థర్మామీటరు పది ఇరవై డాలర్లకు దొరుకుతుంది. చూపుడువేలికి టేపుతో అంటించండి. అంకె రాసుకోండి. పది నిమిషాలు కళ్ళు మూసుకుని, చలికాలం పొద్దున్నే మీ ఊళ్ళో వేసిన నెగడు దగ్గర చేతులు కాచుకుంటున్నట్టు భావన చెయ్యండి. "పెరగాలి, పెరగాలి" అని అంకె మీద పట్టుదల పెట్టకండి, పడిపోతుంది. ఆ మంట, ఆ పొగ వాసన, పక్కన తాతయ్య దుప్పటి, అవి చాలు. మళ్ళీ అంకె చూడండి. పిల్లల చేత కూడా చేయించండి, రెండు అంకెలూ కాగితం మీద వాళ్ళచేతే రాయించండి. అంకె పెరిగితే సంతోషం, పెరగకపోతే రేపు మళ్ళీ. మన విద్యను వాళ్ళకు నమ్మకంగా కాక ప్రయోగంగా అందిస్తే, కాదనకుండా అందుకుంటారని నా ఆశ.